ఆరు బై ఎనిమిది

ఆమోసు లెక్కకు తిరుగులేదని ఖరిదా పేటలో ఆయన ఒక్కడే అంటాడు. మిగిలినవాళ్లు ఎదురు చెప్పరు, అంతే. రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యారేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి మరి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేసేవాడు. వేలికి తగిలే కొలత వేరు, కాగితం మీది లెక్క వేరు. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఇంటి డాబా మీద పాత ఇటుకల ట్యాంకు ఒకటుండేది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. నీళ్లు చాలడం లేదని భార్య కృపమ్మ ఏడాదిపాటు ప్రాణం తీస్తే, దాన్ని పగలగొట్టించి మేస్త్రిని పిలిచాడు.

"రెట్టింపు నీళ్లు పట్టాల. అన్నేపులా రెండేసి మీటర్లు కట్టు."

"దాదా, కింద గోడలు మీ నాన్నగారి కాలం నాటివి..." అని మేస్త్రి నసిగాడు.

"నాకు కొలతలు సెప్పకు" అన్నాడు ఆమోసు. మేస్త్రి నోరు మూసుకుని కట్టిపోయాడు.

ట్యాంకు లోపల తేలే డబ్బాకు తాడు కట్టి, తాడు రెండో కొసన, బయటి గోడ మీద ఎర్ర రేకుముక్క వేలాడదీశాడు. లోపల నీళ్లు పెరిగేకొద్దీ బయట రేకు దిగుతుంది. ఆ గోడ మీద ఎనిమిది సమానమైన గీతలు కూడా గీశాడు. అవి అయిదో తరగతి చదివే మనవరాలు జెనీకి భిన్నాలు నేర్పడానికి. దాని లెక్కలన్నీ తాత దగ్గరే.

కొత్త వస్తువు ఏదైనా ప్రార్థన చేయించనిదే వాడరు ఆ ఇంట్లో. ఆదివారం మూడు గంటలకు సంఘమంతా వస్తుంది, సిరిల్ పాస్టరు గారు ప్రార్థించి మొదటి కుళాయి తిప్పుతారు. అప్పటికి ట్యాంకు నిండాలి. మనుషులు కూర్చునేది ముందుగదిలో, సరిగ్గా ట్యాంకు కింద.

చర్చి నుంచి వచ్చి పన్నెండింటికి మోటారు వేశాడు. పాత ట్యాంకు అరగంటలో నిండేది. ఇది రెట్టింపు కాబట్టి గంట. ఆపేసి, తిని, ఓ కునుకు తీయొచ్చనుకున్నాడు.

ఒంటిగంటకు పెరట్లోంచి జెనీ అరిచింది. "తాతా, రెండు బై ఎనిమిదే!"

"మోటారు సచ్చిపోయింది" అన్నాడు ఆమోసు.

రెండింటికి నాలుగు బై ఎనిమిది. ఈసారి కరెంటును తిట్టాడు, మోటారు బాగుచేసిన వాణ్ణి తిట్టాడు. తనను తప్ప అందరినీ తిట్టాడు.

ఈలోగా వీధి తలుపు పట్టేసింది. దుమ్ము రాకుండా మూసిన కృపమ్మ, మళ్లీ తీయబోతే రాలేదు. "సెక్క ఉబ్బినట్టుంది" అన్నాడాయన. బయట ఏప్రిల్ ఎండ మండిపోతోంది. ఏ తేమకు ఉబ్బిందో మరి! వచ్చినవాళ్లను పెరటివైపు నుంచి, వంటింట్లోంచి లోపలికి పంపారు. ముందుగదిలో హార్మోనియం మీద తెల్లటి పొడి రాలింది. కృపమ్మ తుడిచింది. అయిదు నిమిషాలకు మళ్లీ రాలింది.

మూడు కావస్తుండగా బల్ల ఖాళీ చేద్దామని ఆమోసు జెనీ బడిసంచీ తీశాడు. లెక్కల పుస్తకం జారి పడింది. తెరుచుకున్న పేజీలో ఎర్ర ఇంటూ గుర్తు. 'రెండు మీటర్ల ఘనంలో మీటరు ఘనాలు ఎన్ని పడతాయి?' అన్న ప్రశ్న కింద, జెనీ ముత్యాల్లాంటి అక్షరాలతో, 'రెండు'. ఆ జవాబు చెప్పింది ఆయనే.

పిల్లను వంటింట్లోకి లాక్కెళ్లాడు. "ఏటిది? ఎప్పుడు కొట్టేసినారు?"

"బుధవారం. నువ్వు బాధపడతావని సెప్పనేదు, తాతా."

"మీ టీచరు రాధారాణి దీదీకే రాదు లెక్క. సూడు, నేను సూపిస్తాను."

పంచడానికి కృపమ్మ కేకును చిన్న చిన్న ఘనాలుగా కోసి పెట్టింది. ఒక ముక్క బల్లమీద పెట్టాడు. పక్కన ఇంకోటి. "పొడవు రెట్టింపు. రెండు. అయిపోయినాది."

"వెడల్పు కూడా రెట్టింపు కదా తాతా." జెనీ భయపడుతూనే వెనక ఇంకో రెండు పెట్టింది. ఆ నాలుగింటి మీద మరో నాలుగు పేర్చింది. "ఎత్తు కూడా."

ఆమోసు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది. ఒక్కో ముక్క ఒక్కో పాత ట్యాంకు. ఒక్కో ట్యాంకు నీళ్లు ఒక టన్ను, అది ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మోటారు పాడవలేదు.

"రేకు ఎంతకొచ్చిందే?"

జెనీ పెరటి గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఆరు బై ఎనిమిది."

ఒక టన్ను మోసిన గోడల మీద ఆరు టన్నులు. పక్కగదిలో పాట మొదలైంది. ముప్పైమంది గొంతెత్తి పాడుతున్నారు. మోటారు ఆపేశాడు, కానీ ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయనకు ముందు గుర్తొచ్చింది మనుషులు కాదు, పరువు. ప్రార్థన అయ్యాక నెమ్మదిగా చెబితే పోదా అనుకున్నాడు, సిగ్గులేని మనిషి. గుమ్మంలోంచి చూశాడు. పాస్టరు గారు తెరిచిన బైబిలు మీద గార పెళ్ల ఒకటి టప్పున పడింది. ఆయన దాన్ని ఊదేసి చదవబోయారు.

"అయ్యగారూ, ఆపండి!" ఆమోసు గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "నేను లెక్క తప్పినాను. అందరూ పెరట్లోకి ఎల్లిపోండి."

"ప్రార్థన మద్దిలో ఏటండీ ఇది?" అంది కృపమ్మ.

"లెక్క తప్పినానంటే! కదలండి!"

ఆమోసు నోట ఆ మాట ఎన్నడూ విననివాళ్లు కావడంతో, దానికే హడలిపోయి లేచారు. వంటింటి గుమ్మం ఇరుకు. ఒక్కొక్కరే వెళ్తుంటే పైన ఏదో మూలిగినట్టయింది. సంఘంలో పెద్దావిడ, నడవలేని అన్నమ్మను కుర్చీతో సహా ఎత్తుకుని అందరికంటే వెనక ఆయన బయటపడ్డాడు.

పెరట్లో చేరి అందరూ వెనక్కి తిరిగారు. అందరి కళ్లూ ట్యాంకు గోడ మీదే. మూడు గంటలు మెల్లమెల్లగా దిగిన ఎర్ర రేకు ఒక్కసారిగా పై గీతకు ఎగిరిపోయింది. ఆ తరువాత వచ్చింది చప్పుడు. దుమ్ము తగ్గాక చూస్తే ముందుగది లేదు. వంటింటి గుమ్మంలోంచి నీళ్లు పారాయి, వాటిలో హార్మోనియం పలక ఒకటి తేలుతూ వచ్చింది.

"ఏటి తప్పినావు, ఆమోసూ?" పాస్టరు గారు మెల్లగా అడిగారు.

"రెండనుకున్నానండి. ఎనిమిది."

జెనీ ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. బుధవారమే చెప్పి ఉంటే అని. ఆమోసు నీళ్లలోనే చతికిలబడి దాన్ని దగ్గరికి తీసుకున్నాడు.

"నీది కాదే తప్పు. నాకు సెప్పడానికి నువ్వు బయపడేలా ఉన్నాను సూడు, తప్పు అది" అన్నాడు.