చెట్టు కింద కుట్టుపని

దర్జీకి కోపం ముక్కు మీదే ఉండేది. ఇరవై ఏళ్లుగా రెండు మేడల సందున, కిటికీ లేని కొట్లో మిషను తొక్కీ తొక్కీ మెడ పట్టేసింది, నిద్ర కరువైంది, రక్తపోటు పెరిగింది.

"మందు మానకండి. రోజూ పొద్దున అరగంట పార్కులో నడవండి," అంది డాక్టరమ్మ.

"గడ్డిలో తిరగడానికి నేనేమన్నా గేదెనా?" అని బయటికొచ్చాక సణిగాడు.

భార్య వినిపించుకోలేదు. మర్నాడు పొద్దున్నే, బడికి పోనని మారాం చేసే పిల్లాణ్ణి దింపినట్టు, పార్కు గేటు దగ్గర దింపి వెళ్లింది.

రెండు రోజులు ఎలాగో నడిచి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు ఊరికే కూర్చోలేక, కాజాలు కుట్టాల్సిన చొక్కా ఒకటి సంచీలో పెట్టుకెళ్లాడు. చెట్టు కింద చెప్పులు విప్పి, చల్లటి గడ్డిలో కాళ్లు పెట్టుకున్నాడు. కొట్లో అయిదారుసార్లు తడిపినా సూదిలోకి ఎక్కని దారం, ఆ వెలుగులో ఒక్కసారికే ఎక్కింది.

పక్క బెంచీ మీద కూర్చున్న రిటైరైన కండక్టరు అది చూశాడు. "మాస్టారూ, నా చొక్కా గుండీ కాస్త కుట్టిపెడతారా?"

కుట్టిపెట్టాడు. మర్నాడు తోటమాలి చిరిగిన చేతిసంచీ తెచ్చాడు. ఆపైన నడకకొచ్చే ఆడవాళ్లు వచ్చారు. నెల తిరిగేసరికి ఆ చెట్టు కింద కబుర్లే కబుర్లు. కొట్లో నోరు విప్పని మనిషి అక్కడ అందర్నీ నవ్విస్తున్నాడు. మెడనొప్పి సంగతి ఆయనే మరిచిపోయాడు. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు.

ఒకరోజు పార్కుకి వెళ్లి రెండు గంటలైనా ఇంటికి రాకపోయేసరికి భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"నడవమంటే కొట్టు పెట్టారా?"

"నడిచాకే సూది పట్టానే," అన్నాడాయన.

"నాలుగు చుట్లు తిరిగారు చెల్లెమ్మా, నేను సాక్షి," అన్నాడు కండక్టరు.

ఆవిడ నమ్మలేదు. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి చూసింది.

"బాగా తగ్గింది. మందు సగం చేద్దాం. ఏదీ, మీ చెయ్యి కూడా ఇలా ఇవ్వండమ్మా."

తీరా చూస్తే ఆవిడ రక్తపోటే ఎక్కువగా ఉంది. "రేపట్నుంచి మీరూ ఆయనతో నడవండి," అంది డాక్టరమ్మ.

"నాకు తీరికెక్కడిది? ఇంట్లో పనెవరు చేస్తారు?" అంది ఆవిడ దారిలో.

"ఇద్దరం చేద్దాం. ఇన్నాళ్లూ నాకు తోచలేదు."

మర్నాడు అంట్లు ఆయన తోమాడు, ఇల్లు ఆవిడ ఊడ్చింది. ఇద్దరూ కలిసి బయల్దేరారు. మొదటి చుట్టు ఆవిడ మొక్కుబడిగా నడిచింది. రెండో చుట్టులో ఆడవాళ్లతో కలిసిపోయింది, ఆయన వెళ్లి చెట్టు కింద సూది పట్టాడు. మూడో చుట్టుకి పార్కు అవతలి కొస నుంచి ఆవిడ నవ్వు వినిపించింది. అలాంటి నవ్వు విని ఎన్నేళ్లయిందో దర్జీకి గుర్తు రాలేదు. కుడుతున్న గుడ్డ కండక్టరు ఒళ్లో పెట్టి, ఆవిడతో నడవడానికి లేచాడు.