దిద్దిన వాక్యం

"రాసుకో, ఎవరొద్దన్నారు?" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా కాలర్ ఇంకా వేడిగా ఉందేమోనని వేలితో చూసుకుంటూ.

ఎవరూ వద్దనలేదు. చిక్కంతా అక్కడే ఉంది. వద్దంటే ఎదురు తిరగొచ్చు, అలగొచ్చు, కనీసం తలుపేసుకుని ఏడవొచ్చు. పెళ్లికి ముందు ఆమె కథలు వేసిన పత్రిక సంపాదకురాలు తొమ్మిదేళ్ల తర్వాత ఫోన్ చేసి, "నెలాఖరుకి ఒక్క కథ ఇవ్వమ్మా, నిన్ను మర్చిపోలేదు" అన్న దగ్గర్నుంచి ఇంట్లో అన్నీ సాయాలే. భర్త పడగ్గది మూలలో బల్ల వేయించాడు. "రచన: పదకొండు నుంచి పన్నెండు" అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. ఆ గంటకి ముందు వంట, వెనక బట్టలు. గది తలుపుకున్న గడియ కూడా ఊడదీయించాడు. "లోపల కళ్లు తిరిగి పడిపోతే మాకెలా తెలుస్తుంది?" అన్నాడు. అంత ప్రేమ.

మొదటిరోజు పదకొండింటికి కూర్చుని ఒక్క వాక్యం రాసింది. 'వెళ్తున్నాను, అని చెప్పి ఆమె గుమ్మం దాటింది.' రెండో వాక్యం రాలేదు. కుక్కర్ కట్టేసి వచ్చేసరికి కుర్చీ వెచ్చగా తగిలింది. ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకునే భర్త పక్కగదిలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

నోట్‌బుక్కులో 'వెళ్తున్నాను' మీద పెన్సిల్‌తో సన్నగా గీత ఉంది. పైన 'వెళ్లొస్తాను' అని, పంతులు దిద్దినట్టు గుండ్రటి అక్షరాలు.

"మీరేనా దిద్దింది?"

"తప్పు కనిపిస్తే చూస్తూ ఊరుకోలేను, నా సంగతి తెలుసుగా," నవ్వాడు. "వెళ్తున్నా అని ఎవరైనా అంటారా? చచ్చేవాళ్లు కూడా అనరు. ఇల్లూవాకిలీ ఉన్న ఆడది వెళ్లొస్తాననే అంటుంది."

"కథలో మనిషి తిరిగి రాదండీ."

నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం ఆగిపోయాయి. "ఎందుకు రాదు?"

చెరిపి మళ్లీ రాసింది. మర్నాడు మళ్లీ దిద్ది ఉంది. వారం తిరిగేసరికి అక్కడ కాగితం పలచబడి చిల్లుపడింది. భర్త స్నేహితులతో, "మా రచయిత్రిగారికి మూడ్ రావాలిట, ఆవిడ ఇప్పుడు గోడలతో మాట్లాడుతోంది" అని చెప్పుకుని నవ్వాడు. నిజంగానే తనలో మాట ఎండిపోయిందేమో అనుకుంది. కానీ ఒకరోజు ఇంటి పనులేవీ అడ్డం రాకుండా, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్న గంటలో కలం ఎత్తినప్పుడు తెలిసింది. మాట వస్తూనే ఉంది. కాగితం మీద పడకముందే లోపల ఎక్కడో పెన్సిల్ గీసిన చప్పుడు వినిపిస్తోంది. దిద్దేవాడు ఆమె బుర్రలోకే కాపురం మార్చేశాడు.

అత్తగారి మోకాలికి వ్యాయామం చేయించడానికి సోమ, బుధ, శుక్రవారాలు క్లినిక్‌కి తీసుకెళ్లేది ఆమే. నలభై నిమిషాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ఆ బుధవారం, కొనాల్సిన సరుకులు రాసుకుందామని వ్యాయామాల కాగితం వెనక్కి తిప్పింది. చెయ్యి 'వెళ్తున్నాను' అని రాసింది. ఎవరో దగ్గుతున్నారు, ఎవరి పిల్లో వెనక నుంచి కుర్చీని తంతోంది, కౌంటర్లో అమ్మాయి నంబర్లు అరుస్తోంది. ఈమె ఏం రాస్తోందో ఒక్కరికీ పట్టలేదు. రెండో వాక్యం వచ్చింది. దాని కొంగు పట్టుకుని మూడోది. కాగితాల్ని మోకాలి ఎక్స్‌రే కవర్లో దాచింది. ఇంట్లో పదకొండింటికి యథాప్రకారం బల్ల ముందు కూర్చుని, చిల్లుపడ్డ వాక్యం వైపు చూస్తూ గంట గడిపేది.

మూడో వారం వ్యాయామం చేయించే ఆవిడ, "మోకాలు చక్కగా వంగుతోందండీ, ఇంక మీరు రానక్కర్లేదు" అంది. ఈమె ఎక్స్‌రే కవర్‌ని ఒళ్లోకి లాక్కుంది. అత్తగారు ఎక్స్‌రే కవర్ వంక చూసింది. కోడలి వంక చూసింది.

"ఎక్కడ వంగుతోందమ్మా, తెల్లారితే ఒకటే సలుపు. ఇంకో రెండు వారాలు నొక్కు."

బస్సులో అత్తగారు కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. "పెళ్లయిన కొత్తలో మా అమ్మకి ఉత్తరాలు రాసేదాన్ని. మీ మామగారు దిద్దేవారు. రానురాను ఆయనే రాసి నాచేత సంతకం పెట్టించేవారు. నేను సుఖంగా ఉన్నాననుకునే పోయింది మా అమ్మ."

"మీరు చెప్పలేదా అత్తయ్యా?"

"ఎందులో చెప్పను?"

ఇంటికి వచ్చేసరికి భర్త నోట్‌బుక్కు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. "గడువు దగ్గరపడింది, నీవల్ల కావట్లేదు. నేనే కూర్చుని పూర్తి చేసేశా. పేజీలు ఫోటో తీసి మీ మేడమ్‌కి పంపించా. పేరు నీదేలే, కంగారుపడకు."

ఈసారి పెన్సిల్ కాదు, సిరా. చెప్పులు విప్పకుండానే చదివింది. 'వెళ్లొస్తాను, అని చెప్పి ఆమె గుమ్మం దాటింది. మేడమెట్లు దిగుతుంటే పదకొండో మెట్టు మీద కాలు జారింది. నలుగురూ పోగయ్యేసరికి ఊపిరి లేదు. భర్త చాలా ఏడ్చాడు.'

తమ మేడకి పద్నాలుగు మెట్లు. పదకొండోదాని అంచు విరిగి ఉందని రోజూ ఊడ్చే ఆమెకి తెలుసు. ఆయన ఎప్పుడు లెక్కపెట్టాడో తెలియదు.

"ఎలా ఉంది?"

"చాలా వివరంగా ఉందండీ," అంది.

శుక్రవారం అత్తగారిని లోపలికి పంపి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సంపాదకురాలికి ఫోన్ చేసింది.

"కథ అందిందమ్మా. కానీ ముగింపు నువ్వు రాసినట్టు లేదే."

"అది నాది కాదండీ. నాది ఇంకో రెండు పేజీలుంది, ఇవాళ అయిపోతుంది."

"మరి దీన్ని తీసేయనా?"

"వద్దండీ. కింద మా ఆయన పేరూ, మీకు అందిన తేదీ రాసి, మీ దగ్గర జాగ్రత్తగా ఉంచండి."

"అమ్మాయ్, నువ్వు బాగానే ఉన్నావా?"

"రాస్తున్నానండీ," అని ఫోన్ పెట్టేసి, కాగితం వెనక్కి తిప్పింది. ఇంకా ముప్ఫై నిమిషాలున్నాయి.