నోరు తెరిస్తే అమ్మమ్మ

పొయ్యిలోంచి తీసిన రొట్టెలను బల్ల మీద బోర్లించి, హేజెల్ వేలి కణుపుతో తట్టి చూస్తోంది. డొల్లగా మోగితే కాలినట్టు. మోచేతుల దాకా పిండి, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. తొలి బేరం చేపలామె. "పాఁవ్ ఉంది, వేడిగా" అంది హేజెల్. చేపలామె నవ్వకుండా సంచీ చాచింది.

ఒకప్పుడు నవ్వేవారు. ఇంగ్లండు నుంచి ఇక్కడివాణ్ని పెళ్లి చేసుకుని, ఈ రేవు ఊరు ఒల్యాఁవ్‌కు వచ్చిన కొత్తలో ఆమె నోట రొట్టె అనే ఆ మాట ముక్కులోకి ఎక్కేది కాదు. అరసున్న జారిపోతే రొట్టె కాస్తా కర్ర అయ్యేది. కర్రలు వడ్రంగి దగ్గర దొరుకుతాయని వీధంతా ఆటపట్టించేది. ఊరి పేరు చివరా అదే శబ్దం. ఎక్కడుంటున్నావని అడిగితే చెయ్యి చూపించి ఊరుకునేది.

భర్త జబ్బుచేసి పోయాక వెనక్కి వెళ్లిపోదామనుకుంది. రొట్టెల కొట్టు దెవొలిండా వెళ్లనివ్వలేదు, పనిలో పెట్టుకుంది. పిండి పిసుకుతూనే హేజెల్ వేళ్లను తన ముక్కు దూలానికి ఆనించుకుని "పాఁవ్" అనేది. దూలం తుమ్మెదలా అదిరేది. అలా వేళ్లతో విని నేర్చుకుంది హేజెల్.

ఒక్క మాట మాత్రం లొంగలేదు. దెవొలిండాను వీధంతా అమ్మమ్మ అంటుంది. వాళ్ల భాషలో చివరి అచ్చు నోరు బాగా తెరిచి పలికితే అమ్మమ్మ, పెదవులు దగ్గరికి చేరిస్తే తాత. హేజెల్ చెవికి రెండూ ఒకటే. తొలిసారి పిలిచినప్పుడు అది తాత అయి, కొట్టంతా గొల్లున నవ్వింది. అప్పటినుంచి "దోనా దెవొలిండా" అనే మర్యాద చాటున దాక్కుంది.

మధ్యాహ్నం కొట్టు మూసి, మంచం పట్టిన దెవొలిండాకు కాబేజీ సూపు పట్టుకుని మేడెక్కింది. మూతి తుడుస్తూ, ఏమీ ఆలోచించకుండానే, "ఇంకొంచెం తాగండి, అమ్మమ్మా" అనేసింది. అచ్చు పూర్తిగా తెరుచుకునే వచ్చింది.

దెవొలిండా చెంచా పక్కకు నెట్టి చూసింది. "తాతను చేసి వదిలేశావనుకున్నానే పిల్లా. ఇన్నాళ్లకు మీసాలు తీసేశావు. మళ్లీ అను."

మళ్లీ అంది. "మీరు లేకపోతే ఈ ఊళ్లో నాకు నోరే లేదు."

"నోరు నీదేనే. నేను ముక్కు అరువిచ్చాను, అంతే."

ముసలామె నవ్వుతూనే కళ్లు మూసుకుంది. హేజెల్ కిందికెళ్లి గిన్నె కడిగి వచ్చేసరికి ఊపిరి లేదు. ముఖంలో బాధ లేదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఆ మాటతోనే మెల్లగా మరోసారి పిలిచింది.

కిటికీ గట్టున దెవొలిండా సగం ఒలిచి పెట్టిన నారింజ ఉంది. దాని తొక్క తెగకుండా, చుట్టలు చుట్టుకుని కిందికి వేలాడుతోంది.