సోమప్ప విందు మీద ఫినాయిల్

రండి, రండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. ఆ మూలన వాన గురించి మాట్లాడుకుంటున్నవాళ్ళు కాసేపు నోరు మూయండి. మీరు పిలిస్తే వచ్చేదయితే అది ఎప్పుడో వచ్చేది. చంటిపిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, దానికీ కథ కావాలి. ఇది సోమప్ప కథ. ఏ సోమప్ప అని అడుగుతారని తెలుసు. అందుకే చెబుతున్నాను.

కుందుర్పికి పడమరగా ఉన్న ఆ ఊళ్ళో గొడ్లాసుపత్రి అంటే ఒకటే గది. ఆ గదిలో తెల్లవారకముందే కిరసనాయిలు స్టవ్వు బుస కొడుతోంది. సత్తుగిన్నెలో సూదులు ఉడుకుతున్నాయి. గిన్నె ముందు గొంతుక్కూర్చున్నవాడు సోమప్ప. పొట్టి మనిషి. తుమ్మ మొద్దులా ఎండిపోయిన ఒళ్ళు. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర ఉతికి ఉతికి తెల్లబడింది. చేతులు మాత్రం ఆ ఒంటివి కావు, వేరే ఎవరిదగ్గరో అరువు తెచ్చుకున్నట్టు పెద్దవి. గొర్రె నాలుగు కాళ్ళూ ఒక చేత్తో పట్టి, రెండో చేత్తో బీడీ వెలిగించగలడు. ఆ బీడీ గొర్రెకు కూడా ఒక దమ్ము ఇచ్చేవాడని కొందరంటారు. నేను చూడలేదు, కానీ ఆ ఊరి గొర్రెలు దగ్గడం మాత్రం విన్నాను.

ముప్పై ఏళ్ళు అతను చేసిన పని అదే. పట్టుకోవడం. సూది వేసేది డాక్టరు, పట్టుకునేది సోమప్ప. ఆసుపత్రి గోడకు ఒక ఫోటో ఉండేది. కలెక్టరు వచ్చిన రోజు తీసింది. అందులో కలెక్టరున్నాడు, డాక్టరున్నాడు, గొర్రె అందరికంటే బాగా పడింది. గొర్రె కాళ్ళ దగ్గర రెండు చేతులు. ఆ చేతులే సోమప్ప.

ఊళ్ళో అమ్మవారి దేవర జరిగినా, పెళ్ళి జరిగినా, వడ్డించేవాడు అతనే. అందరూ తిని లేచాక ఆఖరున కూర్చునేవాడు. అప్పటికి గంగాళంలో పులుసు తప్ప ముక్క ఉండేది కాదు. ఒకసారి ఒక ఎముక దొరికితే దాని గురించి ఉగాది దాకా చెప్పుకున్నాడు. అంత ఇష్టం మనిషికి మాంసమంటే.

ఆ రోజు అతని ఉద్యోగానికి చివరి రోజు. రెండువేల మూడో సంవత్సరం. చేలల్లో చెనిక్కాయ చెట్లు మొలిచినట్టే మొలిచి, ఎందుకొచ్చామా అని మళ్ళీ ఆలోచించుకున్న ఏడు. అయినా గొర్రెలకాపర్లంతా కూడి ఒక మాట అనుకున్నారు. సోమప్పకు విందు చేయాలి. సొంతూరికి పోయే సాయంత్రం బస్సు ఎక్కేలోపల అతన్ని మొదటి పంక్తిలో, మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టాలి. మొదటి ముక్క అతనికే. ఈ మాట విన్నప్పటి నుంచి సోమప్పకు నిద్ర లేదు.

విందుకు పొట్టేలు ఇచ్చింది మారెక్క. మొగుడు పోయాక మందను ఒంటిచేత్తో మేపుకొస్తున్న మనిషి. ఆ పొట్టేలు గురించి చెప్పాలంటే ఇంకో కథవుతుంది. దాని కొమ్ములు ఎంత మెలి తిరిగాయంటే వాటిలో దూరిన ఈగ బయటికి దారి తెలియక ముసలిదై చచ్చేది. అది తల విదిలిస్తే కర్ణాటకలో దుమ్ము లేచేది. పుట్టినప్పుడు కాళ్ళు అడ్డం తిరిగితే, తల్లి కడుపులో చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసింది సోమప్పే.

గిన్నెలో నీళ్ళు ఇగిరిపోతున్నాయి. ఇంతలో వీధిలో కేక.

"అన్నా! సోమప్పన్నా! పొట్టేలు పడిపోయిండాది!"

సోమప్ప స్టవ్వు ఆర్పి పరుగెత్తాడు. మారెక్క దొడ్డి ముందు పొట్టేలు వెల్లకిలా పడి ఉంది. పొట్ట డప్పులా ఉబ్బింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారుతోంది. కారింది కారినట్టే ఉంది కానీ గడ్డ కట్టడం లేదు. మారెక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రాత్రి బాగానే ఉన్నింది అన్నా. నెమరేసింది. పొద్దున లేపితే లేయలేదు."

అప్పటికే జనం మూగారు. జనంలో ముందు తిప్పేష్. ఊళ్ళో ఏ జీవాన్ని కోసినా కత్తి అతనిదే. రాయి మీద కత్తి నూరుతున్నాడు. ఆ చప్పుడుకు గోడ మీది బల్లులు తోకలు వదిలేసి పారిపోతున్నాయి.

"జరగప్పా సోమప్పా," అన్నాడు తిప్పేష్. "ఇంకా ఒళ్ళు వెచ్చగా ఉండాది. బతికున్నట్టే లెక్క. సాయంత్రం కోయాల్సింది పొద్దున్నే కోస్తాం, అంతే కదా."

కరువు సీమలో చచ్చిన జీవాన్ని పారేయడమనే అలవాటు లేదు. కోసి, కుప్పలు పెట్టి, ఇంటికొక కుప్ప పంచుకుంటారు. తోలు వ్యాపారికి పోతుంది. ఎవరికీ నష్టం లేదు. సోమప్పకూ ఆ సంగతి తెలుసు. కానీ ముక్కులోంచి కారే ఆ నల్లటి నెత్తురు అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు. పక్క ఊళ్ళో. అలా చచ్చిన గొర్రెను కోసినవాడి చేతి మీద చిన్న పొక్కు లేచి, బొగ్గులాంటి పుండయింది. ఆ మనిషి మళ్ళీ కత్తి పట్టలేదు. పాడె మీద పోయాడు.

"అక్కా, తల కింద పెట్టు. చేతులు సబ్బేసి కడుక్కో. ఎవరూ ముట్టొద్దు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి వస్తా," అని బస్టాపు దగ్గరి బూత్‌కు దౌడు తీశాడు.

డాక్టర్ సరళ కుందుర్పి గొడ్లాసుపత్రిలో దొరికింది. సోమప్ప చెప్పిందంతా విని ఆమె గొంతు మారిపోయింది.

"సోమప్పా, దొమ్మ రోగం మాదిరే ఉండాది. నేను వచ్చి చూసే దాకా కత్తి పడగూడదు. కోస్తే ఆ నెత్తురుకు గాలి తగిలి, అందులోని పురుగు గట్టి విత్తనమై మట్టిలో దిగబడుతుంది. మన చెనిక్కాయ విత్తనమైనా వాన లేకుంటే చస్తుంది. అది చావదు. ఏండ్ల తరబడి ఆడనే కాసుకుని కూర్చుంటుంది. కోసినోళ్ళకు, తిన్నోళ్ళకు, రేపు ఆడ మేసే మందకు, అందరికీ ముప్పే. ఎట్లన్నా చేసి ఆపు."

"ఎట్ల ఆపాలమ్మా? నా మాట ఎవురు ఇంటారు?"

"ఇన్నేండ్లు గొర్రెలను పట్టుకోలేదా? ఈ పూట మనుషులను పట్టుకో," అని ఫోన్ పెట్టేసింది.

సోమప్ప తిరిగి వచ్చేసరికి తిప్పేష్ పంచె ఎగగట్టాడు. పిల్లలు గిన్నెలు తెచ్చుకుని వరుసలో కూర్చున్నారు. కుక్కలు కూడా వరుసలోనే కూర్చున్నాయి. సోమప్ప ఆ దొడ్డి మీది తుమ్మకంప లాగి పొట్టేలు చుట్టూ వేశాడు. కంప లోపల తను నిలబడ్డాడు.

"డాక్టరమ్మ వచ్చే దాకా ఎవరూ దాటగూడదు."

"ఆయమ్మ వచ్చేసరికి కంపు కొడుతుంది కదప్పా!" అన్నాడు తిప్పేష్.

"కొట్టనీ."

"నీ విందే కదా ఇది! నీకు పెట్టాలని మేం తిప్పలు పడుతుంటే, నువ్వే అడ్డం పడతావా? పిచ్చి పట్టిందా?"

జన్మలో సోమప్ప మాట విన్నది గొర్రెలే, అవి కూడా కాళ్ళు కట్టేస్తేనే. దొమ్మ అన్నాడు, ఎవరూ వినలేదు. పుండన్నాడు, నవ్వారు. ఇక తోచక చేతులు పైకెత్తి ఒక కూత పెట్టాడు.

"రాత్రి చౌడమ్మ తల్లి కల్లోకి వచ్చినాది! ఈ పొట్టేలు నాది, ఎవురూ ముట్టొద్దు అన్నాది!"

తిప్పేష్ కత్తి దించి చెంపలేసుకున్నాడు. ఉపాయం పారింది అనుకున్నాడు సోమప్ప. అప్పుడు అరుగు మీద నుంచి ముసలి ఎర్రప్ప గొంతు సవరించాడు. ఊళ్ళో ఎవరు అడిగినా అడగకపోయినా తీర్పు చెప్పేది ఆయనే.

"తల్లిదైతే అది మాంసం కాదు, ప్రసాదం. ప్రసాదం వద్దన్నోడికి కండ్లు పోతాయి. ఇంటికొక కుప్ప అనుకున్నాం. ఇప్పుడు మనిషికొక కుప్ప పెట్టాల!"

జనం హోరెత్తారు. పక్క ఊరికి కబురు పోయింది. ఎప్పుడూ మాంసం ముట్టని ముసలమ్మ కూడా గిన్నె తెచ్చుకుని వచ్చింది. ఆ గిన్నెలో మన బావి నీళ్ళన్నీ పట్టేవి. తిప్పేష్ కంప పక్కకు లాగి కాలు లోపల పెట్టాడు. కత్తి ఎండకు తళుక్కుమంది.

సోమప్ప కంపలోంచి దూకాడు. చొక్కా చిరిగింది. అందరూ అతను పారిపోయాడనుకున్నారు. కానీ తిప్పేష్ తల్లికి దండం పెట్టుకుని కత్తి ఎత్తేలోపల, ఆసుపత్రి గదిలోకి పోయి, ఫినాయిల్ డబ్బా ఎత్తుకుని గాలిలా వచ్చాడు. ఆ డబ్బా సర్కారు ఎప్పుడో ఇచ్చింది. బకెట్టు నీళ్ళకు ఒక మూత, అంతకు మించి పోస్తే ప్రాణం పోయినట్టు వాడుకునేవాడు. ఇప్పుడు మూత విసిరేసి, తిప్పేష్ కత్తికీ పొట్టేలుకూ మధ్య దూరి, డబ్బా బోర్లించాడు. గడగడా, గడగడా. కొమ్ముల నుంచి తోక దాకా. పాలలాగా తెల్లగా కారింది. ఆ ఘాటుకు పిల్లలు తుమ్మారు, కుక్కలు తుమ్మాయి. ఊరవతల వేపచెట్టు మీది కాకి తుమ్మిందని కూడా చెబుతారు.

అంతా అయిపోయాక ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు సోమప్ప. తన మొదటి పంక్తి, తన మొదటి ముక్క కళ్ళముందే ఫినాయిల్ కంపు కొడుతున్నాయి.

మారెక్క ముందుకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా పొట్టేలిని నన్నడక్కుండా పాడు చేస్తివి కదన్నా. దొమ్మ కాకపోతే?"

"కాకపోతే నా తలకాయ కోసుకుని కూర చేసుకోండి," అన్నాడు సోమప్ప.

"నీ తలకాయలో ఏముందప్పా," అన్నాడు తిప్పేష్. "తాలింపుకు కూడా రాదు."

ఎవరూ ఇంటికి పోలేదు. కోపంతో కొందరు, తమాషాకు కొందరు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి డాక్టర్ సరళ స్కూటర్ మీద వచ్చింది. వెనక సీటు మీద దుప్పట్లో చుట్టి తాళ్ళతో కట్టిన మైక్రోస్కోపు ఉంది, చంటిబిడ్డలాగా. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది, ముక్కుకు గుడ్డ కట్టింది. పొట్టేలు చెవి కొసన సూదితో గుచ్చి, ఒకే ఒక్క చుక్క తీసి గాజుపలక మీద రాసింది. చెవిని దూదితో నొక్కి కట్టింది. పలకను మంట మీద ఆరబెట్టి నీలిరంగు పోసింది. అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి, అద్దం ఎండకు తిప్పి, కన్ను ఆనించింది.

ఊరు ఊరంతా మెడలు సాచింది. ఆ ఊరి మీదుగా పోతున్న గాలి కూడా కాసేపు ఆగి చూసిపోయింది.

"దొమ్మే," అంది ఆమె తల ఎత్తి. "ఆంత్రాక్స్. రండి, చూడండి."

తోసుకుంటూ వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు ఒంటికన్ను పెట్టారు.

"ఏందివి, చెరుకు గనుపుల మాదిరి ఉండాయే!"

"ఇంతేనా? ఇంత లేని పురుగుకు అంత పొట్టేలు పడిపోయినాదా?"

తిప్పేష్ చూసి చాలాసేపు లేవలేదు. "ఇది నా కత్తికి కూడా ఆనదే," అన్నాడు. తర్వాత బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. అతను పొట్టేలిని ముట్టనే లేదు. అయినా ఆ రోజంతా చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, ఇంకెవరివో మోస్తున్నట్టు నడిచాడు.

"ఫినాయిల్‌కు పొట్టేలు లోపల పురుగు చస్తుందా అమ్మా?" అని అడిగాడు సోమప్ప మెల్లగా.

"చావదు. కానీ మీ వాళ్ళ ఆకలి చచ్చింది. అది చాలు."

తర్వాత చూడాలి ఆ ఊరి ఉత్సాహం! పొద్దున గిన్నెలు పట్టినవాళ్ళే గడ్డపారలు పట్టారు. ఊరి బయట, మంద తొక్కని బీట్లో, రాళ్ళు పగిలేలా తవ్వారు. తవ్వగా తవ్వగా పాతాళంలోంచి ఎవరో "ఎవరప్పా అది?" అన్నారని వినికిడి. డాక్టరమ్మ ఇచ్చిన తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని సోమప్ప పొట్టేలు ముక్కులో దూది కుక్కాడు. గోనెలో చుట్టాడు. అది పడిన చోట, నెత్తురు కారినంత మేరా మట్టి గీకి అదీ ఎత్తాడు. అన్నీ గుంతలోకి దింపి, పైన సున్నం కుమ్మరించి, మట్టి కప్పి, మళ్ళీ సున్నం పోశారు. ఆ తర్వాత మారెక్క మందకు సూదులు. ఒక్కో గొర్రెనూ సోమప్ప పట్టుకున్నాడు, చివరి గొర్రె దాకా.

పొట్టేలు తల ఒళ్ళో పెట్టుకుంది కాబట్టి మారెక్కను మందుల కోసం కుందుర్పిలో మనుషుల ఆసుపత్రికి తన స్కూటర్ మీదే తీసుకుపోతానంది డాక్టరమ్మ. జనమంతా గుంత చుట్టూ కంప నాటుతుండగా, తొడుగులు, బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, సంచీ భుజానికి తగిలించుకున్న సోమప్ప దగ్గరికి మారెక్క వచ్చింది. దగ్గరికంటే, కాస్త దూరంగానే ఆగింది.

"కూర లేకపోయె. మసాలా నూరిపెట్టినా అన్నా, విందుకని."

డాక్టరమ్మ అది విని, "పొట్టేలిని ముట్టకముందా, ముట్టినాకా?" అని అడిగింది.

"ముందేనమ్మా, కోడి కూయకముందే." తర్వాత సోమప్ప వైపు తిరిగింది. "ఉట్టి మీద ఉండాది. నువ్వే దించుకో. ఏమీ ముట్టొద్దన్నారు నన్ను."

సోమప్ప లోపలికి పోయి ఆకులో కట్టిన మసాలా ముద్ద దించుకున్నాడు. ఒకసారి వాసన చూశాడు. సంచీలో పెట్టుకుని, తల ఊపి, రోడ్డు వైపు నడిచాడు. కళ్యాణదుర్గం బస్సు వచ్చింది. ముందు సీటు ఖాళీగా ఉంది. అలవాటు కొద్దీ వెనక్కి పోయి చివరి సీట్లో కూర్చున్నాడు. బస్సు దుమ్ములో కలిసిపోయింది.

కంప నాటడం అయ్యాక జనం చేతులు దులుపుకుని చూస్తే సోమప్ప లేడు. "పోయినాడా? చెప్పకుండానే పోయినాడే!" అన్నాడు తిప్పేష్, చేతులు ఇంకా దూరంగానే పట్టుకుని. ఆ ఎర్రటి బీడంతటిలో ఆ గుంత ఒక్కటే తెల్లగా, సున్నంతో వెలిగిపోతోంది. దాని వైపే చాలాసేపు చూశాడు ముసలి ఎర్రప్ప. తర్వాత చిరాకుగా తల తిప్పాడు.

"ఇంత సున్నం పోసినారు సరే. ఆకూ వక్కా తేవాలని ఒక్కడికన్నా తోచలేదేమప్పా? ఆ పొట్టేలు తాంబూలం ఎట్ల ఏసుకుంటాది?"