బ్రౌన్ బ్రెడ్డుకు గ్రేడు

నేను బొగ్గు శాంపిల్ తీసే మనిషిని. లారీ నిండా బొగ్గు ఎంత నల్లగా మెరిసినా నమ్మను. నాలుగు చోట్ల తవ్వి, నలగ్గొట్టి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, మిగిలినవి కలిపి మళ్లీ కుప్ప పోస్తేగానీ దాని బూడిదెంతో, గ్రేడెంతో తేలదు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఈ బుద్ధి ఇంట్లో చూపించొద్దని మా ఆవిడ అనసూర్య పెళ్లయిన వారానికే చెప్పింది.

అనసూర్యకు గోదావరిఖనిలో, బొగ్గుబాయికి పోయే బస్సు ఆగే చోట బ్రెడ్ ఆమ్లెట్ బండి ఉంది. పోయిన వేసవిలో ఏజెంటు ఒకడు ఆకుపచ్చ ప్యాకెట్లో బ్రౌన్ బ్రెడ్డు తెచ్చి, షుగరున్నవాళ్లకు ఇది మందుతో సమానమని చెప్పిపోయాడు. మర్నాటికల్లా బండికి బోర్డెక్కింది: ‘షుగరోళ్ల బ్రెడ్ ఆమ్లెట్’. మా బొగ్గుబాయి మనుషుల్లో సగం మందికి షుగరు, మిగతా సగానికి పరీక్ష చేయించుకునే ధైర్యం లేదు. బండి దగ్గర నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది.

అందరికంటే ముందు ప్లేటు పట్టేది అనసూర్య అన్న, మా సదయ్య బావ. కాలి బొటనవేలికి పుండు పడి, రెండు నెలలుగా డ్యూటీకి పోకుండా సిక్‌లో ఉన్నాడు. పొద్దున నాలుగు ముక్కలు, సాయంత్రం నాలుగు. బ్రెడ్డు కోసం ఇంట్లో అన్నం కూడా తగ్గించాడు. అంత శ్రద్ధ ఆయనలో నేనెన్నడూ చూడలేదు. అయినా షుగరు మూడు వందల నుంచి కిందికి దిగలేదు. దవాఖానలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, నెలలోపు షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పేసింది.

ఆ రోజు అనసూర్య అన్నం ముట్టలేదు.

"నా బ్రెడ్డు తిన్నా ఎందుకు తగ్గుతలేదయ్యా?" అని అడిగింది.

"నాకు ఆ బ్రెడ్డు మీదనే అనుమానం."

"నీకు దేని మీద లేదు? పెండ్లిచూపులప్పుడు నన్ను గూడ నాలుగు దిక్కులకెల్లి సూసినవ్."

అది నిజమే.

"గంత అనుమానముంటే ఒక ముక్క తీస్కపోయి సూడు," అంది.

"ఒక్క ముక్క శాంపిల్ ఎట్లయితది?" అన్నాను.

ఆదివారం పొద్దున డాబా మీద టార్పాలిన్ పరిచాను. పన్నెండు ప్యాకెట్లు విప్పి, ఒక్కోదాంట్లో పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి, నలిపి కుప్ప పోశాను. నాలుగు భాగాలు చేశాను. పారేసిన భాగాలు కాకులు తినేశాయి, వాటికి గ్రేడుతో పనిలేదు. మిగిలిన పొడిలో కొంత గ్లాసులో నానబెడితే నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి, పొడి పాలిపోయింది. కొంత పెనం మీద మాడ్చి బూడిద చూశాను. కొంత నమిలాను. మైదాకు రంగేశారని తేల్చేసరికి మూడు గంటలైంది.

అనసూర్య ఖాళీ ప్యాకెట్టు అందుకుని, ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసి కూడబలుక్కుంటూ చదివింది. అక్షరాలు చీమ కాళ్లంత ఉన్నాయి. మొదటి మాటే మైదా. తర్వాత ఏదో పేరుకు గోధుమపిండి, చక్కెర, కారమెల్ రంగు, బూజు పట్టకుండా ఒక నంబరు, మెత్తగా ఉండటానికి ఇంకో రెండు నంబర్లు.

"అన్నీ ఈడనే రాసున్నయి. ముందే సదవొచ్చు గద!"

ముప్పై ఏళ్లలో ఏ బొగ్గుపెళ్లా తన సంగతి తనమీద రాసుకుని రాలేదు. చదవాలని నాకు తోచనే లేదు.

ఇంకా తిడుతుందనుకున్నాను. ఆమె టార్పాలిన్ మీదే కూలబడింది. "మా అన్నకు నా చేతుల్తోని నేనే పెట్టిన," అంటూ ఏడ్చింది. నా అనుమానం నిజమైనందుకు మొదటిసారి సిగ్గేసింది.

సాయంత్రం బోర్డు మీద ‘షుగరోళ్లకు ఈడ ఏం లేదు’ అని సుద్దముక్కతో రాసి, ఇద్దరం బావ ఇంటికి పోయాం. కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. అనసూర్య జరిగిందంతా చెప్పి, "నన్ను తిట్టన్నా," అంది.

బావ గోడకేసి చూశాడు. "నాకెరుకే," అన్నాడు.

"ఏం ఎరుక?"

"షుగరోళ్ల బ్రెడ్డు తియ్యగుంటదా యాడన్న? మొదటి రోజే ఎరుకైంది. చెప్తే నువ్వు బంద్ పెడ్తవని చెప్పలే. అన్నీ బంద్ పెట్టిన్రు చెల్లె. చాయ్‌ల చక్కెర బంద్, బువ్వ సగం. మామిడిపండు మొకం సూడక రెండేండ్లాయె. నీ బండి కాడ ఒక్కటే నన్ను ఎవలూ ఏమనకపోయిరి."

అనసూర్య ఏడుపు టక్కున ఆగింది. తర్వాత మొదలైన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నీ విని, బావ నవ్వబోయాడు.

"పోతె పోనీ తియ్. వేలు పోతె చెప్పుల జర జాగ దొరుకుతది."

అనసూర్య అన్నను కొట్టింది. చెంప మీద, గట్టిగా. చెల్లెలి చేతి దెబ్బ ఆయన యాభై ఆరేళ్లలో ఇదే మొదటిది. చెంప పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నవ్వు పోయింది.

"నాకు భయమైతుంది చెల్లె," అన్నాడు.

అనసూర్య కింద కూర్చుని ఆ కాలు తన ఒళ్లోకి తీసుకుంది.

"నాగ్గూడ," అంది.