గొడుగులు పెట్టిన కుర్చీ

"సంచులూ గొడుగులూ ఆ కుర్చీ మీద పెట్టేయండి. చేతులు ఖాళీగా ఉంటే గోపురం తీరిగ్గా చూడొచ్చు."

ఆరేళ్లుగా ఆ కేథడ్రల్‌లో గైడమ్మ చెప్పే మొదటి మాట ఇది. స్తంభం పక్కనున్న ఆ పాత చెక్క కుర్చీ అందుకే ఉందనుకునేది. బిషప్ వచ్చే రోజుల్లో సందర్శకులను రానివ్వరు కాబట్టి, ఆమెకు సెలవు.

అక్కడ ఊడ్చి తుడిచేది ఆమె తమ్ముడి భార్య. ఆ పని ఇప్పించింది గైడమ్మే. నలుగురిలో పలకరించొద్దనీ, "వదినా" అని పిలవొద్దనీ అన్నదీ ఆమే.

ఆ రోజు వాన. పదిమంది వచ్చారు. కుర్చీ నిండా తడి గొడుగులు. మరదలు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "తడివి వద్దండీ, నేను పట్టుకుంటాను" అంది.

"కుర్చీకి జలుబు చేస్తుందా ఏంటి? నీ పని నువ్వు చూసుకో."

అందరూ నవ్వారు. కళ్లజోడు పెద్దాయన మాత్రం, "అమ్మా, దీన్ని చర్చి అనకుండా కేథడ్రల్ అంటారెందుకు?" అని అడిగాడు.

"పెద్దది కదండీ!" గైడమ్మ తడుముకోలేదు.

"మా ఊళ్లో ఇంతకంటే పెద్దదుంది. దాన్ని చర్చే అంటారే?" ఆయన సరదాగా మరదలి వైపు తిరిగాడు. "పోనీ, నువ్వు చెప్పమ్మా."

మరదలు నేల చూస్తూ చెప్పింది. "కుర్చీ వల్లనండీ. కేథడ్రా అంటే గ్రీకులో కుర్చీ అట. బిషప్ గారి కుర్చీ ఉంటే ఎంత చిన్నదైనా కేథడ్రలే. దీన్ని తుడుస్తుంటే ఆయనే చెప్పారు."

గొడుగుల నీళ్లు కుర్చీ కోళ్ల వెంట కారుతున్నాయి. అందరూ అటే చూశారు.

"నేనూ అక్కడికే వస్తున్నానండీ" అనేసింది గైడమ్మ. మరదలు అవునన్నట్టు తలూపింది. దాంతో గైడమ్మకు తల కొట్టేసినట్టయింది.

వాళ్లు వెళ్లాక, కుర్చీ తుడుస్తున్న మరదలి దగ్గరికి వచ్చింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"చేరిన ఏడాదే."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"ఇక్కడ పలకరించొద్దన్నారు. ఇంట్లో చెబుదామంటే మీరు మా ఇంటికి రారు."

గుమ్మంలో ఇంకో గుంపు గొడుగులు దులుపుకుంటోంది. గైడమ్మ వెళ్లి అవన్నీ తన చేతుల్లోకి తీసుకుంది. నీళ్లు మోచేతుల మీదుగా కారి బట్టలు తడిశాయి.

"ముందు ఈ కుర్చీ చూడండి. దీని సంగతి ఇన్నాళ్లూ నాకు తెలీదు. మా మరదలు చెబుతుంది."

మరదలు తుడుపు గుడ్డ భుజాన వేసుకుని వచ్చింది.

"చెప్పమంటారా, వదినా?" అంది, అందరికీ వినపడేలా.