అందరూ వచ్చాకే కుర్చీ

దక్షిణ ఫిలడెల్ఫియాలో, వీధి మూల మీదున్న ఆ చిన్న రెస్టారెంటుకు ఆదివారం పూట ఒక రూలుంది. ఎంతమందిమని పేరు రాయిస్తామో అంతమందిమీ గుమ్మం దగ్గర కనబడాలి. ఒక్కరు తగ్గినా బల్ల ఇవ్వరు, పేరు చీటీలో కిందికి తోసేస్తారు. పేర్లు రాసుకునే కెల్సీకి పట్టుమని పాతికేళ్లుండవు గానీ, ఆ రూలు దగ్గర మాత్రం దేవుడు దిగొచ్చినా కరగదు.

బెర్నడెట్ పదకొండుంబావుకు వచ్చి 'బెర్నీ, ముగ్గురం' అని రాయించింది. పన్నెండింటికి ఒకసారి పిలిచారు, పన్నెండూ నలభైకి ఇంకోసారి. రెండుసార్లూ ఉన్నది ఇద్దరే. ఆవిడా, ఆవిడ తల్లి ఫిలొమీనా. రావలసింది తమ్ముడు జెర్రీ.

ఆ రోజు ఫిలొమీనాకు ఎనభై నిండాయి. కానుకలేవీ వద్దంది. తన పిల్లలిద్దరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్క ఆదివారం తింటే చాలంది. అంతకన్నా ఏ నగో అడిగినా బాగుండేదని బెర్నడెట్‌కు అనిపించింది. అయినా సరేనంది. అటు జెర్రీ కూడా సరేనన్నాడట. అనడానికేం, నోటికి ఖర్చేముంది. పన్నెండూ నలభై దాటినా ఆ మనిషి జాడ లేదు.

రెండేళ్ల కిందట పెద్ద మంచు పడినప్పుడు, తల్లి ఇంటి ముందు కారు పెట్టుకోవడానికి బెర్నడెట్ రెండు గంటలు నడుం విరిగేలా మంచు తవ్వింది. తవ్విన చోట ఒక మడత కుర్చీ వేసి, కారు తేవడానికి వెళ్లింది. ఆ పేటలో మంచు తవ్వి కుర్చీ వేశాక ఆ జాగా వేసినవాళ్లదే. పోలీసులైనా ముట్టుకోరు. జెర్రీ ఆ కుర్చీ ఎత్తి గోడకు ఆనించి, తన వ్యాను పెట్టుకున్నాడు. అమ్మకు మందులు ఇచ్చి పోవడానికి పది నిమిషాలేనన్నాడు. మందులిచ్చాడు, తల్లి పెట్టిన పాస్తా తిన్నాడు, సోఫాలో పడి సాయంత్రం దాకా నిద్రపోయాడు. లేచేసరికి బెర్నడెట్ తాను తవ్విన మంచునంతా తిరిగి ఆ వ్యాను మీదే పోసేసింది. అంతే, ఆ రోజుతో మాటలు బంద్. క్రిస్మసుకు ఒకరు పొద్దున వస్తారు, ఒకరు సాయంత్రం వస్తారు. ఫిలొమీనా రెండుసార్లు వండుతుంది.

"వాడికి ఫోన్ చెయ్యవే," అంది ఫిలొమీనా.

"నేనెందుకు చెయ్యాలి? ఆలస్యం చేసింది వాడు. నువ్వు చెయ్యి."

"నా ఫోన్ ఇంట్లో పెట్టొచ్చాను."

ఆవిడ ఫోన్ ఇంట్లో పెట్టి రావడం ఎప్పుడూ చూడలేదు గానీ, కోపంలో బెర్నడెట్ ఆ సంగతి పట్టించుకోలేదు. తమ్ముడి నంబరు తన దగ్గరే ఉంది. ఉన్నా చెయ్యనని తేల్చి చెప్పింది. ఫిలొమీనా ఇంకోసారి బాత్రూముకు వెళ్లొస్తానని లోపలికి నడిచింది.

పొద్దున చర్చికి బయలుదేరే ముందు తాగిన కాఫీ తప్ప ఆవిడ కడుపులో ఏమీ లేదు. ఆ సంగతీ, ఇవాళ పుట్టినరోజనీ కెల్సీకి చెప్పి, కనీసం అమ్మనైనా కూర్చోబెట్టమని బెర్నడెట్ బతిమాలింది. కెల్సీ పెద్దావిడకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పమని, వెనకున్న నలుగురు కుర్రాళ్లను లోపలికి పంపింది. తర్వాత తోపుడుబండిలో పసిపిల్లతో ఒక జంట వెళ్లింది. తర్వాత ఒక కుక్కతో ఇద్దరొస్తే వాళ్లకు బయటి బల్ల దొరికింది. కుక్కలు కూడా వేళకు వస్తున్నాయి, నా తమ్ముడు తప్ప, అనుకుని బెర్నడెట్ పళ్లు నూరింది.

ఒకటింబావు అయింది. బాత్రూముకు వెళ్లిన తల్లి తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్తే ఈలోగా పేరు పిలుస్తారేమోనని భయం. పడిపోయిందేమోనని అంతకన్నా భయం. చివరికి రెండో భయమే గెలిచి, జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లింది.

ఫిలొమీనా ఎక్కడా పడిపోలేదు. కౌంటరు ముందు ఎత్తు స్టూలు మీద, మెడలో రుమాలు దోపుకుని కూర్చుని ఉంది. ముందు రెండు గుడ్లు, కరకరలాడేలా వేయించిన మాంసం ముక్క, వేడి వేడి కాఫీ. స్టూళ్లకు ఆ రూలు లేదు. ఒంటి మనుషులు ఎప్పుడొచ్చినా ఎక్కి కూర్చోవచ్చు.

ఆవిడ వెనక, పక్కవీధి వైపున్న ఇంకో తలుపు దగ్గర, తాడు కట్టిన తెల్ల కేకు పెట్టె పట్టుకుని జెర్రీ నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడా రావడం?" అన్నాడు. రెండేళ్లలో అదే మొదటి మాట. "పదకొండింటి నుంచి ఈ తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇక్కడా పేర్లు రాసుకుంటున్నారు, ముగ్గురమని రాయించాను. రెండుసార్లు పిలిచారు, అందరూ రాలేదని రెండుసార్లూ కిందికి తోశారు."

బెర్నడెట్ తిట్టబోయి ఆగింది. ఆవిడా అదే పని చేసింది మరి.

"ఫోన్ చెయ్యొచ్చుగా?" అంది.

"నువ్వు చేశావా?"

ఫిలొమీనా గుడ్డు సొనలో బ్రెడ్డు అద్దుకుంది. "మొదటిసారి బాత్రూముకు వచ్చినప్పుడే చూశాను వీణ్ణి. అక్క బయటుంది, వెళ్లి పిలవరా అన్నాను. దాన్నే రమ్మన్నాడు. నీ దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యమన్నాను. చెయ్యనన్నావు. నాకు ఆకలేసింది."

"వీడు లోపలున్నాడని చెప్పొచ్చు కదమ్మా. అంతసేపు ఎండలో నిలబెట్టావు."

"చెప్తే వస్తావు. నా కోసం వస్తావు. రెండేళ్లుగా ఇద్దరూ నా కోసమే వస్తున్నారు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. రేపు నేను లేనప్పుడు ఎవరి కోసం వస్తారు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. అలిసిపోయింది, అంతే. బెర్నడెట్ తమ్ముడి వంక చూడకుండా, వాడి చేతిలోని కేకు పెట్టె వంక చూసింది. అట్ట చెమటకు మెత్తబడి ఒక మూల వంగిపోయింది. నిజంగానే చాలాసేపటి నుంచి పట్టుకుని ఉన్నాడు.

అప్పుడే కెల్సీ వచ్చి, "ఫిలొమీనా, ఇద్దరు," అని పిలిచింది.

"నేనే రాయించాను," అంది ఫిలొమీనా తల తిప్పకుండా. "నా తిండి అయిపోయింది. మీరు వెళ్లండి. కాఫీ తాగి నేనూ వస్తాను."

కెల్సీ చీటీ మీద పెన్ను ఆనించి, "ఇద్దరూ వచ్చారా? లేకపోతే పేరు కిందికి వెళ్తుంది," అంది.

బెర్నడెట్ ఆ పిల్ల వంక చూసింది, తల్లి వీపు వంక చూసింది. "వచ్చాం," అంది.

బల్ల కిటికీ పక్కనే దొరికింది. జెర్రీ కేకు దించి, దగ్గరున్న కుర్చీ మీద చెయ్యి వేశాడు. వేసినవాడల్లా ఆగి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బెర్నీ," అన్నాడు, "ఈ కుర్చీ తీసుకోనా?"

ఆ మాట రెండేళ్ల కిందట, మంచులో కుర్చీ ఎత్తే ముందే అడిగుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ సంగతి వాడికి తెలుసునని వాడి మొహం చూస్తేనే అర్థమైంది.

"తీసుకో," అంది బెర్నడెట్. "పది నిమిషాలని మాత్రం చెప్పకు."